అటక మీది బల్లెం

మా వైపు ఊళ్లలో పాత ఇనప సామాను ఏది బయటపడినా ముందు దానికి బొబ్బిలి పేరు పెట్టేస్తారు. కత్తి దొరికితే తాండ్ర పాపారాయుడిది. డాలు దొరికితే రంగారాయుడి సైనికుడిది. తుప్పు పట్టిన గొడ్డలి దొరికినా సరే, అది బొబ్బిలి కోట గోడల్లోంచి ఎవరో భుజాన వేసుకుని పారిపోయి వచ్చినదే అవుతుంది. లెక్క వేస్తే ఆ కోటలో ఉన్నవాళ్ల కంటే అక్కణ్ణుంచి వచ్చాయని చెప్పుకునే ఆయుధాలే ఎక్కువ తేలతాయేమో!

అలా చెప్పుకోవడంలో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. 1757 జనవరి 24న ఒక్క రోజులో జరిగిన ఆ యుద్ధం మన ఉత్తరాంధ్ర వాళ్ల గుండెల్లో అలా నాటుకుపోయింది. ఒక పక్క ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, ఆయనతో విజయనగరం పూసపాటి విజయరామరాజు. ఇంకో పక్క బొబ్బిలి వెలమ దొరలు. కోట నిలబడదని తెలిశాక లోపలి ఆడవాళ్లూ పిల్లలూ ఎలా చనిపోయారో మీకందరికీ తెలిసిందే, నేను మళ్లీ రాయను. ఆ తర్వాత పాపారాయుడు రాత్రివేళ గుడారంలోకి దూరి విజయరామరాజుని చంపడం, ఆ కథని జంగం వాళ్లు ఊరూరా పాడటం, వేదం వేంకటరాయ శాస్త్రి గారు నాటకం రాయడం, 1964లో ఎన్టీఆర్ సినిమా రావడం. ఇన్ని చేతులు పడ్డ కథ కాబట్టి ప్రతి ఇంట్లోనూ దానికి సంబంధించిన ముక్క ఒకటి ఉండాలనిపిస్తుంది.

మా అత్తవారింట్లో అలాంటి ముక్క ఒక బల్లెం. శ్రీముఖలింగంలో మా ఇల్లు పాత పెంకుటిల్లు, వంశధారకి దగ్గర. అటక మీద ధాన్యం గాదెల వెనక ఎప్పుడో పెట్టినది. దసరాకి దించి, తుడిచి, బొట్టు పెట్టి మళ్లీ పైకి ఎక్కించేవాళ్లం. మూరెడు కంటే కాస్త తక్కువ అలుగు, దాని కింద గొట్టం, గొట్టంలో వెదురు కర్ర, కర్ర అడుగున ఇనప పొన్ను. నా పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది, దాన్ని పరీక్షగా చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

మొన్న శివరాత్రి ముందు వచ్చింది. పాత సామాన్లు కొనే ఒకాయన పట్నం నుంచి కారేసుకుని మా వీధికి వచ్చాడు. ఇత్తడి గంగాళాలు, రోజ్‌వుడ్ కుర్చీలు, పాత తలుపులు అడుగుతూ మా బావగారి దగ్గర కూర్చున్నాడు. బల్లెం చూసి అరవై వేలు ఇస్తానన్నాడు. కానీ ఒక షరతు. ఇది బొబ్బిలి యుద్ధంలో వాడినదని, మా వంశంలో ఏడు తరాలుగా ఉందని ఇంటి పెద్ద సంతకంతో ఒక కాగితం కావాలట. కాగితం లేకపోతే ఆరు వేలు.

అరవై వేలంటే మా ఇంట్లో చిన్న మాట కాదు. మా ఆడపడుచు కూతురు నర్సింగులో చేరింది, రెండో ఏడాది ఫీజు కట్టాలి. ఆడపడుచు భర్త పోయి నాలుగేళ్లయింది. అందరి కళ్లూ అటక వైపు, ఆ తర్వాత నా వైపు తిరిగాయి. "అమ్మాయ్, నువ్వు తెలుగు బీయే కదా, పాతకాలం మాటల్లో ఒక పేజీ రాసెయ్, నేను సంతకం పెడతాను" అన్నారు బావగారు. ఆయన మనసులో దురాశేమీ లేదు, చెల్లెలి కూతురి చదువే ఉంది. అది నాకూ తెలుసు. అందుకే ఒక్క మాటలో కాదనలేకపోయాను. "ముందు అదేమిటో చూడనివ్వండి బావగారూ, చూడకుండా ఏం రాయను" అన్నాను.

అలా మొదలైంది నా ఇనుము చదువు. పుస్తకాలు, మ్యూజియం వాళ్లు పెట్టే వీడియోలు, ఊరి కమ్మరి మాటలు, అన్నీ కలిపి నాకు తేలిందేమిటంటే, అందులో సగం మనకి ముందే తెలుసు. రోజూ ఇనుముతో కాపరం చేసేది మనమే కదండీ. పెనం, కత్తిపీట, అట్లకాడ, రోకలి పొన్ను. ఇనుము ఎలా ముసలిదవుతుందో మన చేతులకి తెలిసినంతగా చాలామంది కొనేవాళ్లకి తెలియదు.

తుప్పు సంగతే చూడండి. తడి ఆరబెట్టకుండా వదిలేసిన పెనం మీద తెల్లారేసరికి వచ్చే తుప్పు నారింజ రంగులో పొడిపొడిగా ఉంటుంది. వేలితో రాస్తే అంటుకుంటుంది. అది పిల్ల తుప్పు. అమ్మమ్మల నాటి కత్తిపీట అడుగున ఉండేది అలా ఉండదు. ముదురు గోధుమ రంగు, కొన్నిచోట్ల దాదాపు నలుపు, రాయిలా గట్టిగా ఉండి గోటికి ఊడదు. దాని కింద ఇనుములో గుంటలు ఉంటాయి, అవి కూడా అన్నీ ఒకేలా ఉండవు. ఒకచోట లోతు, ఒకచోట అసలు ఉండవు. చెయ్యి తగిలే చోట నున్నగా, చెయ్యి తగలని మూలల్లో గరుకుగా.

కొత్త బల్లేన్ని పాతదిగా చూపించాలనుకునేవాళ్లు ఉప్పునీళ్లు పోస్తారు, యాసిడ్ పూస్తారు, పేడకుప్పలో పాతిపెడతారు. తుప్పు తొందరగానే వస్తుంది. కానీ అది అలుగు అంతటా ఒకే మందంలో వస్తుంది, పిండి జల్లెడ పట్టి చల్లినట్టు. మూలా లేదు, మొనా లేదు, చెయ్యి పట్టిన చోటూ లేదు. యాసిడ్ తిన్న గుంటలు మశూచి మచ్చల్లా దగ్గరదగ్గరగా వరసగా ఉంటాయి. కాలం తిన్న ఇనుము అలా క్రమశిక్షణగా ఉండదు.

మా బల్లెం మొదటి పరీక్ష బాగానే గట్టెక్కింది. మొన దగ్గర నలుపు, గొట్టం మీద గోధుమ, గొట్టం కర్రని పట్టుకునే అంచు దగ్గర లోతైన గుంటలు. వాన చెమ్మ కర్రలోంచి ఇనుముకి దిగేది అక్కడే. ఇంకో సంగతి, అలుగు మీద బాగా తినేసిన చోట చెక్కలో పీచులా సన్నటి గీతలు పొడుగునా కనిపించాయి. వెనకటి కొలిముల్లో ఇనుము పూర్తిగా కరగదు, మెత్తబడుతుంది. దాన్ని సుత్తితో బాదిబాది చిట్టెం బయటికి కొడతారు. కొంత లోపల మిగిలిపోయి సాగుతుంది. వందేళ్ల తుప్పు ఆ చిట్టెం గీతలని బయటపెడుతుంది. ఇప్పటి ఉక్కు కరిగించి పోసినది, దానికి ఆ పీచు ఉండదు. బెస్సెమర్ పద్ధతి 1856లో వచ్చాక అలాంటి ఉక్కు చవకై, నెమ్మదిగా మన కమ్మరి కొలిముల దాకా చేరింది. కాబట్టి పీచు కనబడితే అది మొన్నటి కారు స్ప్రింగు పట్టీ కొట్టి చేసినది కాదని అర్థం. బొబ్బిలి నాటిదని మాత్రం అర్థం కాదు. పీచున్న ఇనుము పందొమ్మిదో శతాబ్దం చివరి వరకూ దొరికింది, విదేశాల నుంచి దిగుమతి అయిన దానిలో కూడా అది ఉండేది. ఈ రెండు మాటల మధ్య తేడాని కొనేవాడు ఎప్పుడూ చెప్పడు.

గొట్టం దగ్గర ఎక్కువ సేపు కూర్చున్నాను. బల్లెం అసలు గుట్టు అంతా గొట్టంలోనే ఉంటుందని మా ఊరి కమ్మరి తాత చెప్పాడు. ఇప్పుడు చేసేవాళ్లు నీళ్ల పైపు ముక్క కోసి అలుగుకి వెల్డింగు పెడతారు. లోపల చూస్తే గుండ్రం ఎంత కచ్చితంగా ఉంటుందో చెప్పక్కర్లేదు. వెల్డింగు చోట పూసలు కట్టినట్టు గడ్డలు ఉంటాయి, వాటిని గ్రైండరుతో అరగదీసి మసి పూస్తారు. గ్రైండరు గీతలు ఒక పక్కకి వంగి వరసగా ఉంటాయి. వెనకటి కమ్మరి అలుగూ గొట్టమూ ఒకే ముక్కలో సాగదీసి, వెడల్పు చేసిన రేకుని బొంగరాకారంలో చుట్టి, అంచు మీద అంచు వేసి కొడతాడు. అచ్చంగా మనం కజ్జికాయ అంచు మడిచినట్టే. ఆ అతుకు ఒక పక్కన నిలువునా కనబడుతుంది, కొన్నిటికి పూర్తిగా కలవక సందు కూడా ఉంటుంది. మా దానికి సందు ఉంది, లోపల టార్చి వేస్తే వెలుతురు బయటికి వచ్చింది. మా ఆడపడుచు కూతురు టార్చి పట్టుకుని "అత్తా, ఇది పాతదే, నా ఫీజు వచ్చేసింది" అని ఎగిరింది. ఆ పిల్ల మొహం చూస్తే నాకు కాగితం రాసేయాలనిపించింది, నిజం చెబుతున్నా.

కర్ర సంగతికి వస్తే చాలామంది ఇక్కడే తికమక పడతారు. కర్ర కొత్తదైతే బల్లెం దొంగదని తేల్చేస్తారు. మన చెదల రాజ్యంలో రెండు వందల ఏళ్ల వెదురు ఎక్కడ మిగులుతుందండీ? కర్రలు మార్చుకుంటూ పోవడమే సహజం, పారకి కామ మార్చినట్టు. పాత కర్ర అని చూపిస్తేనే అనుమానించాలి. చూడాల్సింది మేకుని. మా కర్రని గొట్టానికి బిగించిన మేకు గుండ్రటిది, ఫ్యాక్టరీ మేకు. కానీ గొట్టానికి దాని పక్కనే ఇంకో బెజ్జం ఉంది, నలుపలకలుగా, అంచులు అరిగి. కమ్మరి చేత్తో కొట్టిన మేకులు నలుపలకలుగానే ఉండేవి. అంటే ఇనుము పాతది, కర్ర ఒకసారైనా మారింది. మా మావగారి నాన్నగారు వెదురు మార్పించారని అత్తయ్య తర్వాత చెప్పారు.

ఇంతవరకూ బావగారికి సంతోషమే. "పాతదని తేలిందిగా, ఇంకేం, రాయి" అన్నారు. నాకు మాత్రం అసలు ప్రశ్న ఇప్పుడే మొదలైంది. పాతది అనేది ఒక మాట. బొబ్బిలిది అనేది ఇంకో మాట. మొదటిది ఇనుము చెబుతుంది. రెండోది ఇనుము చెప్పదు, ఎవరో మనిషి చెప్పాలి.

ఆ కొనేవాడు తన దగ్గరున్న ఇంకో బల్లెం ఫోటో ఫోనులో చూపించాడు, అసలైన సరుకు ఎలా ఉంటుందో మాకు తెలియాలని. దాని గొట్టం మీద 'బొబ్బిలి 1757' అని చెక్కి ఉంది. చూడగానే నాకు నవ్వొచ్చింది. మా శ్రీముఖలింగం వాళ్లకి ఈ విషయంలో బడికి వెళ్లక్కర్లేదు, మధుకేశ్వరుడి గుడి గోడలే బడి. ఆ గోడల మీద తూర్పు గాంగుల నాటి శాసనాలు ఎన్నో ఉన్నాయి. అనంతవర్మ చోడగంగు 1078లో పట్టానికి వచ్చాడని మనం ఇప్పుడు ఇంగ్లీషు లెక్కలో చెప్పుకుంటాం కానీ ఆ గోడ మీద ఎక్కడా 1078 అని ఉండదు. శక సంవత్సరం ఉంటుంది, రాజ్య సంవత్సరం ఉంటుంది. బొబ్బిలి నాటికీ అదే అలవాటు. యుద్ధం జరిగిన ఏడు మనవాళ్ల లెక్కలో శాలివాహన శకం 1678, ధాతు నామ సంవత్సరం. ఆ రోజు కోటలో ఉన్న మనిషి తన బల్లెం మీద ఏదైనా చెక్కించుకుంటే ఆ లెక్కే చెక్కించుకుంటాడు, తెలుగు అంకెల్లో. క్రీస్తు శకం ఇంగ్లీషు అంకెల్లో ఎందుకు వేయిస్తాడు? పైగా ఆ అక్షరాలు ఎలా ఉన్నాయంటే, పెళ్లి శుభలేఖల మీద కంప్యూటరు అక్షరాల్లా తలకట్లు ఒకే కొలతలో. ఇంకా ముఖ్యమైనది, చనిపోవడానికి సిద్ధపడ్డవాడు యుద్ధం పేరు ముందే ఆయుధం మీద రాసుకోడు కదా. ఆ యుద్ధానికి పేరు పెట్టింది మిగిలినవాళ్లు.

గోడలు చదవడం అంటే గుర్తొచ్చింది. గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టింది మాకు దగ్గర్లోని పర్వతాలపేటలోనే, 1863 ఆగస్టు 29న. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటమే అందరికీ తెలుసు. అంతకు ముందు ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, ఎవరూ నేర్పకుండానే పాత లిపులు నేర్చుకుని మా గుడి శాసనాలు చదివారు. గాంగుల రాజధాని కళింగనగరం ఇదే ముఖలింగమని ఆ చదివిన దాన్ని బట్టి వాదించారు. ఊళ్లో కథలు అప్పటికీ చాలానే ఉండి ఉంటాయి. ఆయన కథని కాదు, రాయిని అడిగారు. రాయి చెప్పిన దాని కంటే ఎక్కువ రాయలేదు. డిగ్రీలో మా మేడం ఈ సంగతి చెప్పినప్పుడు పరీక్షకి పనికొచ్చే పాయింటుగా రాసుకున్నాను. ఇప్పుడు బల్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే వేరేగా అర్థమైంది.

మరి బల్లెం యుద్ధానికి కాకపోతే ఇంకెందుకు? ఇక్కడ చరిత్ర కాస్త చెప్పుకోవాలి. బొబ్బిలి తర్వాత మన వైపు పెద్ద యుద్ధం పద్మనాభం. 1794 జూలై 10న చిన విజయరామరాజు కుంపిణీ సైన్యంతో పోరాడి అక్కడే చనిపోయాడు. ఆ తర్వాత జమీందార్లకి సొంత సైన్యాలతో పని లేకుండా పోయింది, 1802లో శాశ్వత శిస్తు వచ్చింది. కత్తులు, తుపాకులు కోటల్లో గోడలకి ఎక్కాయి. బల్లేలు మాత్రం ఊళ్లలో తిరుగుతూనే ఉన్నాయి, పని మారింది అంతే. తలారి రాత్రి కాపలాకి బల్లెం పట్టేవాడు. జమీందారు పల్లకీ ముందు నడిచే జవాను పట్టేవాడు. అడవి పందుల మీదికి వెళ్లేవాళ్లు పట్టేవాళ్లు. అమ్మవారి గుళ్లలో మొక్కుబడిగా పాతేవాళ్లు. టపా మోసే రన్నరు కూడా పట్టేవాడు.

ఇన్నింటిలో మాది ఏది? మళ్లీ దాన్నే అడిగాను. అలుగుకీ గొట్టానికీ మధ్య, రెండు పక్కలా రెండు చిన్న ఇనప కొలికీలు ఉన్నాయి. ఇన్నేళ్లూ అవి అలంకారం అనుకునేవాళ్లం. వేలు పెట్టి చూస్తే కొలికీ లోపల కింది వైపు మాత్రమే అరిగి సన్నబడి ఉంది, పై వైపు మందంగా అలాగే ఉంది. బావి గిలక కొక్కెం అరిగినట్టు. అంటే వాటికి ఏదో వేలాడేది, అది ఊరికే వేలాడలేదు, ఏళ్ల తరబడి ఊగింది. అడుగున పొన్ను చూస్తే అది కూడా ఒక పక్కకే ఏటవాలుగా అరిగింది. నిలబెట్టి ఉంచిన కర్ర అడుగంతా సమంగా అరుగుతుంది. ఏటవాలుగా అరిగిందంటే చేత పట్టి నేల మీద పోటు పెట్టుకుంటూ ఎవరో చాలా దూరం నడిచారన్నమాట.

గుడిలోదని అనుకోవడానికి లేదు. అమ్మవారి శూలానికి ఎన్నేళ్ల పసుపూ కుంకుమా నూనే పడతాయో మనకి తెలుసు. దీపపు కుందె సందుల్లో జిడ్డు ఎలా గడ్డకడుతుందో, ఎంత చింతపండు పెట్టి తోమినా సూదితో గీకితే తప్ప రాదో కూడా తెలుసు. మా బల్లెం మీద దసరా బొట్లు పైపైన ఉన్నాయి కానీ కొలికీల సందుల్లో ఆ గడ్డ లేదు.

ఊగేవి గంటలు. నడిచేది టపా మనిషి. అప్పట్లో రన్నర్లు సంచి భుజాన వేసుకుని, గంటలు కట్టిన బల్లెం పట్టుకుని పరుగుతీసేవారు. గంటల చప్పుడికి పాములూ మృగాలూ తప్పుకుంటాయి, ముందున్న మజిలీ మనిషి లేచి సిద్ధంగా ఉంటాడు, దారిలో జనం పక్కకి జరుగుతారు. అవసరమైతే అలుగు ఉండనే ఉంది. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే దారి మన శ్రీకాకుళం మీదుగానే, అప్పటి పేరు చికాకోల్. 1890ల్లో తూర్పు తీరం రైలు పడ్డాక పెద్ద టపా రైలెక్కింది కానీ, లోపలి ఊళ్లకి, ఏజెన్సీకి రన్నర్లు నడుస్తూనే ఉన్నారు. 1937లో ప్రభుత్వం రెండణాల స్టాంపు మీద రన్నరు బొమ్మే వేసింది.

నేను ఇదంతా ఎవరికీ చెప్పకుండా, అత్తయ్య దగ్గరికి వెళ్లి మామూలుగా అడిగాను. "మీరు కాపరానికి వచ్చినప్పుడు దీన్ని ఏమనేవారు అత్తయ్యా?" అని. ఆవిడ 1961లో పదహారేళ్ల పిల్లగా ఈ ఇంటికి వచ్చారు. చింతపండు గింజలు తీస్తూ తల ఎత్తకుండా చెప్పారు, "ఏటంటారు, టపా కర్ర అనేవోరు. మీ మావగారి తాతకి టపా ఉద్యోగం కదా. బొబ్బిలి ఎక్కణ్ణుంచి వచ్చిందంటావా? మీ మావగారు నర్సన్నపేటలో ఆ సినిమా చూసొచ్చి, వచ్చిన రాత్రే దాన్ని దించి తుడిచారు. అప్పట్నించి బొబ్బిలి బల్లెం అయిపోయింది. నలుగురూ నమ్మారు, ఆయనా నమ్మీసేరు పాపం."

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆవిడా నవ్వారు. అరవై ఏళ్లుగా ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడా చెప్పలేదు, అంతే. మన ఇళ్లలో పాత వస్తువు చరిత్ర చాలాసార్లు మగవాళ్ల కథలో ఒక రకంగా, ఆడవాళ్ల పిలుపులో ఇంకో రకంగా ఉంటుంది. ఇంటి పెద్దావిడ ఆ వస్తువుని ఏ పేరుతో పిలిచేదో అడగడం ఏ రసాయన పరీక్ష కంటే చవక.

కాగితం రాశాను. అరపేజీ. ఇది గంటలు కట్టడానికి కొలికీలున్న చేతి పని బల్లెం, కర్ర మార్చినది, ఇంటి పెద్దావిడ చెప్పిన ప్రకారం మా వాళ్ల టపా ఉద్యోగానికి సంబంధించినది అని. బావగారు చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "ఇది చూపిస్తే ఆరు వేలు కూడా ఇవ్వడు" అన్నారు. నిజమే, ఇవ్వలేదు. ఫోను చేస్తే మళ్లీ వస్తానన్నాడు, రాలేదు. ఆ శివరాత్రికి బావగారు మా వంటింట్లో భోజనం చెయ్యలేదు, ఉపవాసం అన్నారు. ఆ తర్వాత చక్రతీర్థ స్నానానికి అందరం వంశధారకి వెళ్లినప్పుడు కూడా ఆయన ముందు నడిచారు. నా రెండు జతల గాజులు బ్యాంకులో పెట్టి ఫీజు కట్టాం. విడిపించాల్సినవి ఇంకా ఒక జత ఉన్నాయి.

మీ ఇంటికీ ఇలాంటి బేరం వస్తే తెలుసుకోవాల్సిన సంగతులు రెండు చెబుతాను. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువే. దాన్ని దేశం దాటించడానికి మామూలు మనుషులకి హక్కు లేదు, వాటి వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి. ముందు లైసెన్సు చూపించమనండి, సగం మంది అక్కడే కారెక్కేస్తారు. రెండోది, ఎవరైనా వస్తువు కంటే మీ సంతకానికి ఎక్కువ డబ్బు ఇస్తానంటే, కొంటున్నది వస్తువుని కాదు. అబద్ధమని తేలిన రోజున పోలీసుల ముందు ఉండేది ఆ సంతకమే.

ఇక దాన్ని ఉంచుకోవడం. దసరా శుభ్రం పేరుతో ఇటుక పొడి, చింతపండు, గరుకు కాగితం పెట్టి తళతళలాడేలా తోమకండి. ఇత్తడికి పెట్టే మర్యాద ఇనుముకి పెడితే ఆ నల్లటి పొర పోతుంది. వయసు చెప్పేది ఆ పొరే, కొత్త తుప్పుని ఆపేదీ అదే. పొడి గుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు పల్చగా రాస్తే చాలు. కొబ్బరినూనె వద్దు, జిడ్డుకట్టి దుమ్ము పట్టేస్తుంది. మొన గోడకి ఆనించి నిలబెట్టకండి, సున్నం చెమ్మ లాగుతుంది. మేం రెండు మేకులు కొట్టి హాల్లో అడ్డంగా పెట్టాం. కొలికీలకి గంటలు కడదామని పిల్లలు అంటున్నారు కానీ నేను ఒప్పుకోలేదు. ఇంకా అరిగితే ఆ కొలికీ తెగిపోతుంది.